రాయికి కట్టిన నాచు

రొయ్యల్ని తినేవాళ్ళని చూశాడు గానీ, రొయ్యల కోసం నెల రోజులపాటు ఉత్త నీళ్ళని పెంచేవాళ్ళని మేస్త్రీ తన అరవై ఎనిమిదేళ్ళలో ఇదే చూడడం.

ముందుగదిలో కిటికీ పక్కన ఓ పొట్టి బల్ల, దాని మీద రెండు బిందెల నీళ్ళు పట్టే గాజుతొట్టి. అడుగున కంకర, మధ్యలో ఓ వంకర కొమ్మ, మూలన బుడగలు వదులుతూ ఓ స్పాంజి. ప్రాణమున్నది ఒక్కటీ లేదు. అయినా బడి సెలవుల్లో ఉన్న మనవరాలు పొద్దున లేచి మొహమైనా కడుక్కోకుండా దాని ముందు చతికిలబడుతుంది. పదేళ్ళది. ముందుపళ్ళు రెండూ కాస్త పెద్దవి కాబట్టి ఇంట్లో అందరికీ అది ఉడత.

"అందులో ఏముందని చూస్తున్నావే?" అన్నాడు మేస్త్రీ, వచ్చిన మొదటిరోజే.

"పురుగులు తాతయ్యా. కంటికి కనపడవు. రొయ్యలు వదిలే మురికిని అవి తినేస్తాయి. అవి పెరగకముందే రొయ్యల్ని వేశామనుకో, ఆ మురికే వాటికి విషమైపోతుంది."

"ఎవరు చెప్పారు?"

"పిన్ని."

పిన్ని అన్న మాట వస్తే మేస్త్రీకి అక్కడితో వినడం ఆగిపోతుంది. ఆ పిన్ని ఈ ఇంట్లో ఆయన కూతురుండాల్సిన చోట ఉంది. కూతురు పోయి నాలుగేళ్ళు, ఈవిడ వచ్చి ఏడాదిన్నర. ఆయన సంచీతో గుమ్మంలోకి రాగానే ఆమె "రండి నాన్నగారూ" అంది. మేస్త్రీ చెప్పులు విప్పుకుంటూ వినపడనట్టే ఉండిపోయాడు. అప్పట్నుంచీ ఆమె ఏ పిలుపూ లేకుండా "మీరు తిన్నారా", "మీకు నీళ్ళు కాగాయి" అంటూ మాటని గాల్లోకి వదులుతోంది. తనదనుకుంటే ఆయనే తీసుకుంటాడు.

ఆమె మందుల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక తొట్టి ముందు కూర్చుని, వేలెడంత గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, ఒక సీసాలోంచి ఐదు చుక్కలు, ఇంకో సీసాలోంచి మూడు చుక్కలు వేసి ఊపుతుంది. నీళ్ళు పచ్చబడతాయి, ఓసారి ఊదారంగు తిరుగుతాయి. నీళ్ళలో మురికి ఎంత తగ్గిందో పక్కనున్న రంగుల అట్టతో పోల్చి ఉడత నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఇద్దరి తలలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మేస్త్రీకి ఆ సీసాలు నచ్చలేదు. తలలు ఆనుకోవడం అంతకన్నా నచ్చలేదు. నీళ్ళని నెల రోజులు ఇంత ఓపిగ్గా చూసుకునేవాళ్ళకి లోపల ఏదో పని ఉండే ఉంటుంది, పిల్లని మచ్చిక చేసుకుని రేపు దాని తల్లి పేరు కూడా మరిపించాలని చూస్తోంది, అని ఆయన అనుమానం. అనుమానమంటే అనుమానం కూడా కాదు, దాదాపు నమ్మకం.

ఆయన ఉత్త చేతుల్తో రాలేదు. జేబులో ఆదివారం పొద్దుటి రైలుకి రెండు టికెట్లున్నాయి. పిల్లని తన దగ్గరే ఉంచుకుని చదివిస్తానని అల్లుడితో చెప్పాడు. అల్లుడు దూరపు బస్సులు నడుపుతాడు, రెండు రోజులకోసారి ఇల్లు చేరతాడు. గొడవంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. "ఉడత ఎలా అంటే అలా మావయ్యా. అది వస్తానంటే నేను అడ్డం చెప్పను" అన్నాడు. కాబట్టి ఆ మాట ఉడత నోట రావాలి. మేస్త్రీ వారం రోజులుగా దానికోసమే కాచుక్కూర్చున్నాడు.

కూర్చున్నాడన్న మాటే గానీ, నలభై ఐదేళ్ళు మోటార్లకి తీగ చుట్టిన చేతులు ఊరికే ఉంటాయా? అటకమీద కాలిపోయిన టేబుల్ ఫ్యాన్ ఒకటి ఉంటే దించి, మాడిన తీగంతా లాగేసి, కొత్త తీగతో వైండింగ్ చేశాడు. ఇప్పుడది తొట్టికి ఎదురుగానే తిరుగుతోంది.

మంగళవారం పొద్దున చేపల షాపునుంచి నాచు వచ్చింది. సంచీలో చూస్తే ఆకుపచ్చ జుట్టు ముడిలా ఉంది. రొయ్యలకి అదే ఇల్లూ, అదే వాకిలీ అంది ఉడత. అయితే ఊరికే నీళ్ళలో పడేస్తే తేలిపోతుంది, రాళ్ళకి కట్టాలి.

"సాయంత్రం దారం తెస్తాను, అప్పుడు కడదాం" అంది పిన్ని, హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుంటూ.

ఆమె మెట్లు దిగిందో లేదో మేస్త్రీ కదిలాడు. "ఆవిడొచ్చేదాకా ఎందుకే, నేను లేనూ? దారం నీళ్ళలో నానితే కుళ్ళిపోతుంది. కట్టడమంటే ఎలా ఉంటుందో చూద్దువుగాని రా."

ఫ్యాన్‌లోంచి తీసిన పాత తీగ ఆయన పారెయ్యలేదు. తీగ పారెయ్యడం ఆయన జన్మలో లేదు. కాలి పైపూత పెళుసెక్కిన తీగని బ్లేడుతో నెమ్మదిగా గీకాడు. నల్ల పొట్టు రాలి, లోపల్నుంచి మెరిసే తీగ బయటపడింది. గుప్పెడంత రాయి తీసి, తడిపిన నాచుని పల్చగా పరిచి, బొటనవేలితో తీగ మొదలు నొక్కిపట్టి చుట్టడం మొదలెట్టాడు.

"చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు. పక్కపక్కనే పడాలి. బిగువు వేలికి తెలుస్తుంది. మరీ లాగితే నాచు తెగుతుంది, వదిలేస్తే ఊడుతుంది. లెక్కపెట్టు."

ఉడత లెక్కపెట్టింది. ఒక్కో రాయికి పద్దెనిమిది చుట్లు. ఆఖర్న రెండు మెలికలు తిప్పి, కొస కిందికి మడిచి, నాచుని వేళ్ళతో పైకి దువ్వాడు.

"తీగ కనపట్టమే లేదు తాతయ్యా."

"కనపడితే పని చేతకాదన్నట్టు" అన్నాడు మేస్త్రీ. మూడు రాళ్ళూ తొట్టిలో చేరాక, నిజం చెప్పొద్దూ, ఆయనకే ముచ్చటేసింది. సాయంత్రం పిన్ని వచ్చి వంగి చూసి "ఎంత పొందిగ్గా కట్టారు" అంది. తెచ్చిన నల్లదారం ఉండని సొరుగులో పెట్టేసింది. మేస్త్రీకి ఆ మెచ్చుకోలు కూడా అనుమానంగానే తోచింది.

బుధవారం మూడు నత్తలొచ్చాయి. రొయ్యలకంటే ముందు నత్తల్ని వెయ్యమని చేపల షాపతను చెప్పాడట. మూడు రోజులు అవి హాయిగా తిరిగితే శనివారం రొయ్యలు తీసుకెళ్ళొచ్చు. పది ఎర్ర రొయ్యల్ని ఉడత కోసం విడిగా గిన్నెలో ఉంచాడు. ఉడత నత్తలకి ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టింది. ఆ రాత్రి అవి గాజు మీద పాకుతుంటే ఎదురుగా ముక్కు ఆనించి చూసింది.

గురువారం పొద్దుటికి నత్తలు మూడూ కిందపడి ముడుచుకుని ఉన్నాయి. "నిద్రపోతున్నాయి" అంది ఉడత. పిన్ని వంగి వాటిని చూసింది. ఉడత స్నానానికి వెళ్ళగానే, ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న మందుసీసా ఒకటి తీసి, తొట్టిలో ముంచి, మూత బిగించి, మళ్ళీ బ్యాగులో వేసుకుంది. ఇటు తిరిగేసరికి వంటగది గుమ్మంలో మేస్త్రీ ఉన్నాడు.

"షాపుకి టైమైపోతోంది" అంది. ఆయన అడగనే లేదు. అడక్కుండానే జవాబు చెప్పేవాళ్ళని మేస్త్రీ చాలామందిని చూశాడు. మోటారు నేనే కాల్చుకున్నానని ఏ షావుకారూ ఒప్పుకోడు, కరెంటు మీదకే తోస్తాడు. ఆమె బ్యాగు జిప్పు లాగిన చప్పుడు ఆయనకి మధ్యాహ్నం దాకా చెవిలో ఉండిపోయింది.

శుక్రవారం నత్తలు చచ్చిపోయాయి. మూత తియ్యగానే వాసన వచ్చింది. ఉడత పెద్దగా ఏడవలేదు. మూడింటినీ చెంచాతో తీసి, కాగితంలో చుట్టి, పూలకుండీలో పాతి, గదిలోకెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం దాన్ని బుజ్జగించి బయటికి తీసుకెళ్ళాడు మేస్త్రీ. వీధి చివరిదాకా వెళ్ళాక కళ్ళజోడు మరిచిపోయానని గుర్తొచ్చి, దాన్ని పళ్ళ బండి దగ్గర నిలబెట్టి ఒక్కడే వెనక్కి వచ్చాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. షాపులో ఉండాల్సిన మనిషి ముందుగదిలో ఉంది. మోచేతిదాకా చెయ్యి తొట్టిలో పెట్టి ఉంది. పక్కన బకెట్టు నిండా నీళ్ళు. తడిచేత్తో ఏదో తీసి, మాత్రలు వేసిచ్చే కాగితం కవర్లో గబగబా దోపి కవరు మూతి మడిచేసింది.

మేస్త్రీ ఊపిరి బిగబట్టి అలాగే వెనక్కి వచ్చేశాడు. కళ్ళజోడు తెచ్చుకోనే లేదు. పళ్ళ బండి దగ్గర ఉడత "ఏది?" అంటే, "అక్కర్లేదులే, కనపడాల్సింది కనపడింది" అన్నాడు.

ఆ సాయంత్రం పిన్ని ఉడతని దగ్గర కూర్చోబెట్టుకుంది. "నత్తలు నా వల్లే పోయాయి ఉడతా. షాపులో చేతులకి క్రిములు చావడానికి మందు రాసుకుంటాం. కడుక్కోకుండా నీళ్ళలో చెయ్యి పెట్టేశాను. తప్పు నాదే. రేపటికి నీళ్ళు బాగవుతాయి."

ఉడత ఆమె వంక చూసింది. "నువ్వే కదా చెప్పావు, చెయ్యి పెట్టేముందు మూడుసార్లు ఉత్త నీళ్ళతో కడుక్కోవాలని?"

"నేనే చెప్పాను."

ఉడత లేచి వెళ్ళిపోయింది. దొరికిన అవకాశాన్ని వదలడం మేస్త్రీకి చేతకాలేదు. గోడవంక చూస్తున్నట్టే చూస్తూ, "నాలుగు నత్తల్నే చూసుకోలేనివాళ్ళు పిల్లనేం చూసుకుంటారు" అన్నాడు. చచ్చినవి మూడే. కోపంలో ఒకటి కలిపాడు. పిన్ని మొహం ఎర్రబడింది. రంగుల అట్టని పెట్టెలో సర్ది లోపలికి వెళ్ళింది. ఆవిడ ఒక్క మాట తిరిగి అంటే బాగుండునని మేస్త్రీకి అనిపించింది. అనకపోవడం వల్ల ఆయన మాట గదిలోనే ఉండిపోయింది.

చీకటి పడేలోగా ఉడత ఆయన పక్కన చేరి, "తాతయ్యా, నేను నీతో వచ్చేస్తా" అంది. మేస్త్రీ దాని తల నిమిరాడు. వారం నుంచీ కావాలనుకున్న మాట చేతికొచ్చింది. గౌన్లు రెండు మడతపెట్టి తన బట్టల సంచీలో అడుగున పెట్టాడు. సంతోషమే వేసింది. కాకపోతే ఆ రాత్రి ఎంతకీ నిద్ర పట్టలేదు. దాన్ని కూడా సంతోషం కిందే జమకట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నానికి అల్లుడొస్తాడు. పిల్ల మాట ఉంది, సరే. పొద్దున్నకల్లా మాట మార్చే వయసు దానిది. చేతిలో ఓ సాక్ష్యం కూడా ఉంటే నిశ్చింత అనుకుని, పొద్దున్నే చేపల షాపుకి నడిచాడు మేస్త్రీ.

షాపతను తొట్లు కడుగుతున్నాడు. సన్నగా ఉంటాడు, చేతులు ఎప్పుడూ నాని తెల్లగా ఉంటాయి.

"చేతికి రాసుకునే మందు నీళ్ళలో కలిస్తే నత్తలు చస్తాయా?"

"చేతికంటినంత మందుకి చావవండీ. ఎవరి ఇల్లు మీది?"

మేస్త్రీ చెప్పాడు.

"ఓ, ఆ ఉడతమ్మ వాళ్ళా! మీ నీళ్ళలో ఉన్నది చేతి మందు కాదండీ, రాగి. గురువారం ఆవిడ సీసాలో తెస్తే నేనే చూశాను. రాగి అన్నది రవ్వంత కలిసినా నత్తలకీ రొయ్యలకీ విషం. లోపల రాగిది ఏదో ఉంది, వెతికి తీసెయ్యమ్మా, రోజూ సగం నీళ్ళు మార్చమ్మా అన్నాను. ఇవాళ షాపు తెరవకముందే వచ్చి మళ్ళీ చూపించింది. బాగా తగ్గింది. ఇంకో రెండు వారాలు ఆగండి. రొయ్యలెక్కడికీ పోవు."

మేస్త్రీ ఇంటిదారి పట్టాడు. నడకలో హుషారొచ్చింది. దొరికింది. అబద్ధం ఆడింది. నీళ్ళలో రాగి ఉందని గురువారమే తెలిసీ, చేతి మందని కథ అల్లింది. ఎందుకు అల్లాలి? వేసింది తనే కాబట్టి. రాగి ఎక్కడిది మరి ఆవిడకి? వీధి మలుపు తిరుగుతుంటే దానికీ జవాబు దొరికింది. నా సంచీలోదే. నా పనిముట్ల సంచీలోంచి తీసి, నేరం నా మీదకి తోద్దామనుకుంది. అమ్మ దొంగా!

ఇంట్లో ఉడత ఇంకా లేవలేదు. పిన్ని శనివారం ఒంటిపూట పనికి వెళ్ళింది. మేస్త్రీ పనిముట్ల సంచీ ముందేసుకుని తీగ ఉండలు లెక్కపెట్టాడు. సన్నవి నాలుగు, లావువి రెండు. నాలుగూ ఉన్నాయి, రెండూ ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. అడుక్కంటా చెయ్యి పెడితే కాగితం తగిలింది. మాత్రల కవరు, మూతి మడిచి ఉంది.

నిన్న తొట్టిలోంచి తీసినదాన్ని దోపిన కవరే. తెచ్చి నా సంచీలోనే పెట్టింది చూశావా, అనుకుంటూ మడత విప్పి అరచేతిలో వొంపుకున్నాడు.

మూడు చుట్టలు పడ్డాయి. సన్నటి తీగ, గుప్పెడంత రాయి ఆకారం ఇంకా పోలేదు. కొసన రెండు మెలికలు. తీగ మీద అక్కడక్కడా పచ్చటి చిలుం మొదలైంది, ఇంకా నాచు పోగులు అంటుకుని ఉన్నాయి. ఆ మెలిక ఎవరు వేశారో మేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. నలభై ఐదేళ్ళుగా అలా ఎడమవైపుకి తిప్పేది ఊళ్ళో ఆయనొక్కడే. ఆయన తీగ పారెయ్యడని తెలిసి, తిరిగి ఆయన సంచీకే చేర్చింది.

కాసేపు అలాగే నేలమీద కూర్చుండిపోయాడు. రాగితోనే బతికిన మనిషి. ఇంట్లోవాళ్ళ కడుపులు నింపిందీ, కూతురి పెళ్ళి చేసిందీ రాగే. అది ఇంకో ప్రాణికి విషమవుతుందని ఆయనకి ఎన్నడూ తట్టలేదు. పైగా బ్లేడుతో గీకి మరీ పెట్టాడు, మెరుస్తుందని.

లేచి వెళ్ళి, చేతులు మూడుసార్లు ఉత్త నీళ్ళతో కడుక్కుని, తొట్టిలోంచి ఒక రాయి తీశాడు. పైన నాచు ఆయన దువ్వినట్టే దువ్వి ఉంది. వేలితో పక్కకి జరిపాడు. నల్లదారం. చుట్టు మీద చుట్టు ఎక్కేసింది. ఒకచోట పీక నొక్కినట్టు బిగుసుకుపోయి, ఇంకోచోట వేలాడుతోంది. ఆఖర్న బూటు లేసు ముడి. చేతకాని పని, పాపం ఎంతసేపు పట్టిందో. తాత కట్టినది మారినట్టు పిల్లకి అనుమానం రాకూడదని, ఆ చేతకాని చుట్ల మీద నాచుని మాత్రం ఎంతో జాగ్రత్తగా సర్దింది. మేస్త్రీకి సిగ్గేసింది. నిన్న సాయంత్రం తన నోటినుంచి వచ్చిన మాట గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

మధ్యాహ్నం పిన్ని వచ్చి గొడుగు మూలన పెడుతుంటే, మేస్త్రీ తొట్టి ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన ఉడత. రాయి ఒళ్ళో తుండు మీద ఉంది.

"ఉడతా, చెయ్యి పట్టు" అన్నాడు. మూడు తీగచుట్టలూ దాని అరచేతిలో పెట్టాడు. "నీ నత్తల్ని చంపింది ఇది. రాగి వాటికి పడదట. కట్టింది నేను. నీ పిన్ని చెయ్యి కాదు, మందూ కాదు. ఆమె నిన్న దీన్ని తీసేసి దారంతో కట్టింది."

ఉడత తీగల్నీ తాతనీ మార్చి మార్చి చూసింది. "నువ్వు తెలిసే కట్టావా?"

"తెలీదే తల్లీ. బాగుంటుందని కట్టాను."

ఉడత తీగల్ని పిడికిట్లో బిగించింది. దాని కింది పెదవి పళ్ళ కింద నలుగుతోంది. ఆ కోపం తనవైపు తిరగడం మేస్త్రీ చూశాడు. తప్పించుకోవాలనిపించింది గానీ తల తిప్పుకోలేదు. చివరికి ఉడత పిన్ని వైపు తిరిగింది.

"మరి నువ్వు చేశానని ఎందుకు చెప్పావ్?"

పిన్ని గొడుగు దగ్గరే నిలబడింది. గొడుగు వంకే చూస్తూ చెప్పింది. "తాతయ్య రేపు ఊరెళ్ళిపోతారు. నీకు ఆయన మీద కోపమొస్తే, అది పోయేలోగా ఆయన ఇక్కడ ఉండరు. నేనైతే ఎక్కడికి పోతాను? నువ్వెన్నాళ్ళు కోప్పడినా, ఆ కోపం పోయేదాకా ఆగొచ్చు అనుకున్నా." ఒక్క క్షణం ఆగి, "నువ్వు కూడా ఇక్కడే ఉంటావు కదా అనుకున్నా" అంది.

ఒళ్ళో రాయిని తుండుతో సహా పక్కన పెట్టి, మేస్త్రీ లేచి, బట్టల సంచీలో అడుగున పెట్టిన గౌన్లు రెండూ తీసి, ఉడత అలమరలో పై అరలో పెట్టాడు. మడత చెదిరితే సరిచేశాడు కూడా. జేబులో రెండో టికెట్ సంగతి అల్లుడు అడిగితే ఏం చెప్పాలో ఆయనకి ఇంకా తెలీదు. తిరిగొచ్చి తొట్టి ముందు చతికిలబడ్డాడు.

"అమ్మాయ్" అన్నాడు. ఆ పిలుపు ఆయన నాలుగేళ్ళుగా ఎవరికీ వాడలేదు. "ఆ దారం ఉండ ఇలా తే. ఈ కట్టుడు ఓ కట్టుడేనా? వారంలో ఊడి తేలుతుంది."

ఆమె సొరుగులోంచి దారం తెచ్చింది. ఇవ్వబోయి ఆగింది. "మీరన్నట్టు దారం కుళ్ళిపోతుందేమో మరి."

"పోతుంది" అన్నాడు మేస్త్రీ.

"పోయేలోగా నాచు రాయిని పట్టుకుంటుంది తాతయ్యా" అంది ఉడత. గొంతులో ఇంకా కోపముంది. "చేపల షాపాయన చెప్పాడు. తర్వాత దారం అక్కర్లేదు."

"అలాగా" అన్నాడు మేస్త్రీ. బూటు లేసు ముడి విప్పి, పాత దారం తీసేసి, నాచుని మళ్ళీ పల్చగా పరిచి, రాయిని ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే చుట్టు. రెండు వారాలకి రొయ్యలొచ్చేసరికి నేనుండను. ఊడితే మళ్ళీ కట్టాల్సింది నువ్వే. మొదలు బొటనవేలి కింద నొక్కిపట్టు. చుట్టు మీద చుట్టు ఎక్కనివ్వకు. ఉడతా, లెక్కపెట్టు."

ఉడత ముందు పలకలేదు. మూడో చుట్టు పడుతుంటే మెల్లగా "మూడు" అంది.

ఐదో చుట్టు దగ్గర పిన్ని వేలు జారింది. "ఇలాగేనా నాన్నగారూ?" అంది. అన్నాక గతుక్కుమని ఆగింది.

"ఊఁ" అన్నాడు మేస్త్రీ. "కాస్త బిగువుగా లాగు."